వెనక లేని కోట

మా మావగారు నన్ను 'మీరు' అంటారు. మనోహర్‌ని 'నువ్వు' అంటారు. ఇందులో ఏడవాల్సింది ఏముందని మా ఆవిడ కరుణ అడుగుతుంది. పెద్దల్లుడికి ఇచ్చే మర్యాద అది, అందరి ఇళ్ళలోనూ ఉన్నదే అంటుంది. మనోహర్ కరుణ చెల్లెలు ఏంజెల్ మొగుడు. నా తర్వాత చాలా ఏళ్ళకు ఆ ఇంటికి అల్లుడై వచ్చాడు. వచ్చిన వారానికే వంటింట్లో దూరి, గిన్నె మూత తీసి, కూరలో ముక్క నోట్లో వేసుకునేవాడు. నాకు ఇప్పటికీ మంచినీళ్ళు ట్రేలో పెట్టి తెస్తారు.

ఇది 2003 వేసవి సంగతి. ఆ ఏడాది ఎండలు గుర్తున్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నేను రేపల్లెలో జూనియర్ కాలేజీ చరిత్ర లెక్చరర్ని. మనోహర్ బాపట్లలో ఇంజినీరు. సెలవులకని అందరం తెనాలిలో మావగారింట్లో చేరాం. ఆయన పేరు జ్ఞానానందం. రిటైరైన హెడ్మాస్టరు, లూథరన్ చర్చిలో పెద్దమనిషి.

కూతుళ్ళిద్దరి తర్వాత ఆయనకు అంత ప్రాణమైనది కోట. వాళ్ళ వీధి చివర పార్కులో ఉంటుంది. నిజానికది పాత నీళ్ళ ట్యాంకు. కింద ఒక గది, దాని నెత్తిన ఇనప ట్యాంకు, ఆ ట్యాంకు కనబడకుండా కోట గోడ. ముందువైపు రెండు గుండ్రటి బురుజులు, వాటి పైన పళ్ళు పళ్ళుగా దిమ్మెలు, మధ్యలో మొనదేలి లేచిన తలుపు కమాను. బురుజుల్లో తుపాకీ గొట్టం పట్టేంత సన్నటి సందులు. ట్యాంకు నిండితే నీళ్ళు పోవడానికి గోడలోంచి ఒక మొసలి తల బయటికి వచ్చి నోరు తెరుచుకుని ఉంటుంది. ట్యాంకు ఎండిపోయి చాలా కాలమైంది. పావురాలూ కాలేజీ జంటలూ మాత్రం దాన్ని వదల్లేదు. కట్టిన మేస్త్రి ఎజ్రా గారు మా మావగారి తండ్రి. "మా నాన్న కోట కట్టాడు" అని ఆయన అనడం నేను పెళ్ళిచూపుల రోజునే విన్నాను.

ఆ మే మొదట్లో పార్కు కమిటీ వాళ్ళు కోట పడగొట్టి అక్కడ మ్యూజికల్ ఫౌంటెన్ పెడదామన్నారు. సెక్రటరీ రవిశంకర్ గారు హైదరాబాదులో పాటకు ఎగిరే నీళ్ళు చూసొచ్చిన దగ్గర్నుంచి ఇంకో మాట మాట్లాడటం లేదట. మావగారు వెళ్ళి అడ్డం పడ్డారు. సరే, జూన్‌లో పార్కులోనే మీటింగు పెడతాం, దీనికో చరిత్ర ఉందని అందరి ముందూ చెప్పండి, ఉందనిపిస్తే ఉంచుతాం అన్నారు వాళ్ళు.

ఈ సంగతంతా మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పి, మావగారు పెరుగన్నం కలుపుకుంటూ, "మనోహర్, ఆ పనేదో నువ్వు చూడు నాన్నా" అన్నారు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఆ గదిలో చరిత్ర చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. రెడ్డిరాజుల కోటల గురించి పాఠాలు చెప్పి గొంతు అరగదీసుకున్నవాణ్ణి. కాలవలకు తూములు కట్టించుకునే మనిషికి చరిత్ర పని.

"అన్నయ్య ఉన్నారు కదా మావయ్యా" అన్నాడు మనోహర్. అతని మంచితనం కూడా నాకు గిట్టదు.

"బాబూరావు గారికెందుకు శ్రమ. ఆయనకి పేపర్లు దిద్దుకోడం అదీ ఉంటుంది" అన్నారు మావగారు.

పేపర్లు దిద్దడం ఎప్పుడో అయిపోయింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. మా అత్తగారు విజయమ్మ గారు నేనడక్కుండానే నా కంచంలో ఇంకో గరిటె పెరుగు వేశారు. ఆ ఇంట్లో అడక్కుండా వేసే పెరుగు ఓదార్పన్నమాట.

మర్నాటి నుంచీ పొద్దున్నే మామా అల్లుళ్ళు టేపు పట్టుకుని పార్కుకి బయల్దేరేవారు. డెబ్బై ఏళ్ళ మనిషి టేపు ఒక కొస గోడకు అదిమిపట్టి నిలబడితే, రెండో కొస లాక్కుంటూ మనోహర్ బురుజు చుట్టూ తిరిగేవాడు. "వదలండి మావయ్యా" అనేవాడు. టేపు సర్రున వెళ్ళి డబ్బాలో పడేది. ఇద్దరూ నవ్వుకునేవారు. నేను సిమెంటు బెంచీ మీద పేపరు తెరిచి కూర్చునేవాణ్ణి. అందులో ఏం చదివానంటే చెప్పలేను.

ఒకరోజు మనోహరే నన్ను పిలిచాడు. "అన్నయ్యా, ఇది చూడండి. ఎక్కడా సిమెంటు లేదు. మొత్తం ఇటుకా, డంగు సున్నమూ. కరక్కాయ నీళ్ళూ బెల్లమూ పోసి తిప్పుంటారు. అందుకే ఇన్ని తుఫాన్లొచ్చినా బీట పడలా. ఈ కమాను చూడండి, మన చర్చి కిటికీలది. తాతగారు అంతకుముందు చర్చిలే కట్టారుగా, చెయ్యి అటే పోయింది. ఈ సందులు తుపాకులకి కాదండి, గాలాడ్డానికి. పైన నీళ్ళున్నాయి కదా, ఇవి లేకపోతే చెమ్మకి గోడ చివికిపోయేది."

అతను చెబుతుంటే బాగుంది. అదే నా బాధ. మావగారు పక్కన నిలబడి, తన కొడుకు పద్యం అప్పజెబుతుంటే వింటున్నట్టు వింటున్నారు.

"బానే ఉంది. మరి దీనికి వెనకెందుకు లేదు?" అన్నాను.

నిజంగానే వెనక లేదు. ముందు నుంచి చూస్తే రాజులుండే కోట. చుట్టి వెనక్కి వెళితే ధాన్యం గోడౌను. బురుజులు సగానికి తెగిపోయి, పూత కూడా లేని బల్లపరుపు ఇటుక గోడ.

మనోహర్ మావగారి వంక చూశాడు. "అది తుఫానుకి పోయుంటుంది అన్నయ్యా."

"ఏ తుఫానుకీ బీట పడలేదని ఇప్పుడేగా అన్నావు."

మావగారు టేపు తీసి జేబులో పెట్టుకున్నారు. "ఎండెక్కింది. పదండి ఇంటికి" అన్నారు.

ఆ తొందర నాకు నచ్చలేదు. వెళుతూ వెళుతూ తలుపు మీద రాయి వంక చూశాను. ఏళ్ళ తరబడి వేసిన సున్నం పూతల కింద 'కోట పా' అన్నంత వరకే అక్షరాలు కనబడతాయి. ఊరంతా దాన్ని 'కోట పార్కు' అని చదువుకుంది. రిక్షావాళ్ళు, ఆటోవాళ్ళు అదే పేరు పిలుస్తారు. నేనూ అలాగే చదివాను. కానీ ఆ 'పా' తర్వాత ఒక్క అక్షరానికి అంత రాయి ఎందుకు?

మర్నాడు మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ నిద్రపోతుంటే వంటింట్లోంచి అట్లకాడ తీసుకుని పార్కుకి వెళ్ళాను. వాచ్‌మన్ స్టూలు అడిగి తీసుకుని ఎక్కి గీకాను. సున్నం పెచ్చులు పెచ్చులుగా కళ్ళలో పడింది. 'పా' పక్కన 'న' వచ్చింది. దాని పక్కన 'కా'. చొక్కా తడిసి ముద్దయ్యేసరికి మొత్తం తేలింది. కోట పానకాలయ్య గారి ధర్మము.

పార్కు కాదు. పానకాలయ్య. కోట అన్నది ఆయన ఇంటిపేరు.

స్టూలు మీదే నవ్వుకున్నాను. మనోహర్ టేపుతో ఎన్ని కొలతలు కొలిచినా ఈ రాయి గీకాలని తోచలేదు. ఆ ఇంటిపేరు వాళ్ళ కోసం అడగ్గా అడగ్గా, పానకాలయ్య గారి మనవరాలు లలితాంబ గారు పొన్నూరులో ఉంటారని తెలిసింది. రేపల్లెలో పనుందని చెప్పి పొన్నూరు బస్సెక్కాను.

రైసు మిల్లు వెనక సందులో పెంకుటిల్లు. ఆవిడకు ఎనభై దాటి ఉంటాయి. మజ్జిగ ఇచ్చి, "ఎవరి తాలూకు బాబూ?" అని అడిగారు. రేపల్లె కాలేజీలో లెక్చరర్నండి అన్నాను. అంతకుమించి చెప్పలేదు. కోట మాట ఎత్తగానే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"ఆ మేస్త్రి కోటా? అదో పెద్ద కథ బాబూ. మా తాతగారు ఊరికి మంచినీళ్ళ ట్యాంకు కట్టిస్తానన్నారు. 'పార్కులో కోటవారి ట్యాంకు కట్టాలి, చూట్టానికి గొప్పగా ఉండాలి' అని మేస్త్రికి కబురంపారు. పట్టుకెళ్ళినవాడు ఏం చెప్పాడో, ఆయన ఏం విన్నాడో. తాతగారు కాశీ వెళ్ళొచ్చేసరికి బురుజులు లేచున్నాయి."

"ఆయనకి కోట ఎలా ఉంటుందో ఎలా తెలుసండి?"

"ఏం తెలుసు, పాపం. నాటకాల్లో రాజుగారి వెనకాల తెర వేలాడుతుంది చూడండి, దాని మీది బొమ్మ చూసి కట్టాడు. తెరకి వెనకేముంటుంది? అందుకని కోటకీ లేదు." ఆవిడకు నవ్వుతో దగ్గు వచ్చింది. "పడగొట్టించండి అని ఎవరో అంటే, పోన్లే, బానే ఉందిగా అన్నారట తాతగారు. ఊళ్ళోవాళ్ళు మటుకు ఆ మేస్త్రిని బతకనివ్వలేదు. ఎక్కడ కనబడితే అక్కడ, 'ఏం మేస్త్రీ, మా ఇంటిపేరు గుర్రం వారు, మాకేం కడతావు' అని ఏడిపించేవారట."

తిరుగు బస్సులో నాకు ఎండ తెలియలేదు. మీటింగులో మనోహర్ తన బొమ్మలు చూపించి చప్పట్లు కొట్టించుకున్నాక నేను లేచి నిలబడతాను. అతని మొహం ఎలా మారుతుందో కిటికీ పక్కన కూర్చుని రకరకాలుగా ఊహించుకున్నాను. ఆ మేస్త్రి మా మావగారి నాన్నన్న సంగతి తెనాలి పొలిమేర దాకా నాకు తట్టలేదు. తట్టాక కూడా సంతోషం పెద్దగా తగ్గలేదు.

ముందు మావగారికి చెప్పాలనిపించింది. మనోహర్‌కి చేతకానిది నేను తెచ్చానని ఆయనకు తెలియాలి కదా. సాయంత్రం వరండాలో పేము కుర్చీలో ఆయన ఒక్కరే ఉన్నారు. రాయి గీకిన దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. గుర్రం వారి మాట మాత్రం కొంచెం మెత్తగా చెప్పాను. ఆయన అంతా విని, "లలితాంబ గారు కులాసాగా ఉన్నారా?" అన్నారు.

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. "మీకిదంతా తెలుసాండి?"

"గుర్రం వారి పిల్లలు బళ్ళో నా బల్ల మీదే కూర్చునేవారండి. తెలియకుండా ఎలా ఉంటుంది."

"మనోహర్‌కి తెలుసా?"

"తెలుసు. పెళ్ళైన కొత్తలో ఓసారి ఊరికే అడిగాడు. చెప్పేశాను."

"నాకు చెప్పలేదు మీరు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీరు చదువుకున్న మనిషి బాబూరావు గారు. మీకు చెబితే అది చరిత్రయిపోద్ది. అతనికి చెబితే ఇంట్లో మాటగా ఉంటుంది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "మా నాన్న మళ్ళీ ఈ పార్కు ముందు నుంచి నడవలేదండి. చర్చికి కూడా చుట్టు తిరిగి కాలవ గట్టు మీద పోయేవాడు. నేనే పెద్దయ్యాక, మా నాన్న కోట కట్టాడు, మా నాన్న కోట కట్టాడు అని అందరికీ చెప్పడం మొదలుపెట్టా. అనగా అనగా అదే నిజమైపోయింది." తర్వాత నా వంక చూడకుండా అడిగారు. "మీటింగులో చెబుతారా?"

నా మనసులో ఒక్కటే తిరుగుతోంది. ఇంట్లో మాటట. ఆ ఇంటికి మొదట వచ్చిన అల్లుణ్ణి నేను. నా పెళ్ళిలో మనోహర్ ఎవరో వీళ్ళకు తెలియదు. అలాంటిది అతను లోపల మనిషీ, నేను బయట మనిషీ అయ్యాం. ఆ రాత్రి అన్నం సహించలేదు.

"మీ ఏడుపు కోట మీదా, మనోహర్ మీదా?" అంది కరుణ.

"మీ నాన్న మీద."

"చెప్పేస్తారా అయితే?"

"చెబితే తప్పేంటి? ఉన్నదేగా."

"ఉన్నదే" అంది తను పక్క దులుపుతూ. "చెప్పండి. నేను మటుకు ఇంక తెనాలి చర్చికి రాను. మా ఇంటిపేరుకి ఏం కడతారని అక్కడ ఒక్కొక్కళ్ళూ అడుగుతుంటే నవ్వుతూ నిలబడ్డం నా వల్ల కాదు."

మీటింగు నాటికి ఎండలు విరిగాయి. సాయంత్రం ఆకాశం మబ్బు పట్టి ఉంది. కోట ముందు షామియానా వేసి కుర్చీలు పరిచారు. మావగారు ఇస్త్రీ పంచె కట్టుకుని మొదటి వరసలో కూర్చున్నారు. నేను కావాలనే వెనక కూర్చున్నాను. మనోహర్ తను గీసిన పెద్ద బొమ్మను షామియానా గుడ్డకు గుచ్చి, కర్రతో చూపిస్తూ డంగు సున్నం గురించి, కమాను గురించి, గాలి సందుల గురించి చెప్పాడు. మొసలి నోట్లోంచి నీళ్ళు పడుతుంటే చిన్నప్పుడు కింద నిలబడి తడిసినవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. సగం మంది ఎత్తారు. చప్పట్లు మోగాయి. అతనికి ఇవన్నీ ఎవరు నేర్పారు?

రవిశంకర్ గారు లేచారు. "అంతా బానే ఉందండి. సున్నం మంచిదే, ఇటుక మంచిదే. కానీ నాకు తెలియక అడుగుతా, నీళ్ళ ట్యాంకుకి కోటేంటండి? బుద్ధున్నవాడెవడన్నా కడతాడా? పైగా వెనకేమీ లేదు. సగం కట్టి పారిపోయినదాన్ని పట్టుకుని చరిత్రంటే ఎట్టాగండి?"

జనం నవ్వారు. మనోహర్ చేతిలో కర్ర దించాడు. అతనికి అబద్ధం చెప్పడం రాదు. తుఫాను మాటలోనే చూశాను. నిజం చెప్పడానికి నోరు రావడం లేదు. మావగారి వంక చూశాడు. ఆయన తన చెప్పుల వంక చూసుకుంటున్నారు. మనోహర్‌కి చెమటలు పడుతున్నాయి. నేను ఊహించుకున్న మొహం కన్నా ఇది బాగుంది.

"మా అన్నయ్య చరిత్ర లెక్చరరండి" అన్నాడు చివరికి. "ఆయన చెబుతారు."

కుర్చీల మధ్య నుంచి నడిచి వెళ్ళి మైకు అందుకున్నాను. దీనికోసమే కదా నేను అట్లకాడ పట్టుకున్నది.

"ఆ రాయి మీదున్నది పార్కు కాదండి" అన్నాను. "మీరే చూడండి. సున్నం తీసేశాం. కోట పానకాలయ్య గారి ధర్మము. ఈ ట్యాంకు కట్టించిన మహానుభావుడు ఆయన. కోట ఆయన ఇంటిపేరు."

అందరి తలలూ అటు తిరిగాయి. వెనకనుంచి ఎవరో కూడబలుక్కుని పైకి చదివారు.

"ఆయన కట్టమంది ట్యాంకే. కోట కాదు."

మావగారు కళ్ళు మూసుకున్నారు. అది చూశాను. ఆయన పక్క కుర్చీలో కరుణ ఉంది. తను మాత్రం కళ్ళు మూసుకోలేదు, నన్నే చూస్తోంది.

"మేస్త్రి ఎజ్రా గారు ఆలోచించారు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా అదే అంటానని నాకూ తెలియదు. "ఇచ్చిన మనిషి పేరు రాయి మీద చెక్కితే ఎన్నాళ్ళుంటుంది? సున్నం పూస్తే పోతుంది. పోయింది కూడా. మనం ఇన్నేళ్ళూ పార్కు అనే చదువుకున్నాం. పైగా ఆ రోజుల్లో చదువొచ్చినవాళ్ళెంతమంది? అందుకని ఆయన పేరుని రాయికి వదిలెయ్యకుండా ట్యాంకుకే కట్టేశారు. నీళ్ళకొచ్చిన ఏ ఆడమనిషైనా దూరం నుంచి చూసి, అదిగో కోటవారిది అనాలని. ఇన్నేళ్ళైనా మనం కోట అనే అంటున్నామంటే ఆయన గెలిచినట్టే కదండీ."

ఎవరూ నవ్వలేదు.

"మరి వెనకో?" అన్నారు రవిశంకర్ గారు, కొంచెం మెత్తబడిన గొంతుతో.

"ఇది తెనాలండి, నాటకాల ఊరు. తెర వెనక్కి పోయి ఎవరు చూస్తారు?"

ఈసారి నవ్వారు గానీ అది వేరే నవ్వు. నాటకాలాడిన ముసలాయన ఒకరు కర్ర నేలకు కొట్టారు. రవిశంకర్ గారు కూడా నవ్వి, ఫౌంటెన్ గేటు పక్కన పెట్టుకుందాం లెండి, కోట ఉండనిద్దాం అన్నారు. ఆధారమేమిటని ఒక్కరూ అడగలేదు. నా స్టూడెంటు ఎవడన్నా పరీక్షలో ఇలా రాసుంటే సున్నా వేసి ఇంటికి పంపేవాణ్ణి.

జనం వెళ్ళిపోతున్నారు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. మనోహర్ స్కూటరు తెచ్చి మావగారి ముందు ఆపాడు. "ఎక్కండి మావయ్యా, వానొచ్చేట్టుంది."

"నువ్వు పో నాన్నా. నేను బాబూరావు గారితో నడిచొస్తా."

మనోహర్ స్కూటరు స్టార్టులో ఉంచుకుని నా వంకా ఆయన వంకా చూశాడు. ఆ చూపు నాకు కొత్తది కాదు. ఆ వేసవంతా అది నా కళ్ళలో ఉన్నదే. తర్వాత గేరు వేసి వెళ్ళిపోయాడు.

మావగారు గేటు వైపు కాకుండా కోట చుట్టూ తిరిగి వెనక్కి నడిచారు. నేనూ వెంట వెళ్ళాను. పూత లేని ఇటుక గోడ చినుకులకు మచ్చలు మచ్చలుగా తడుస్తోంది. ఆయన దాని మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"బాబూరావు గారు, ఇందాక మీరు చెప్పింది. అట్టా కూడా అయ్యుండొచ్చు కదండీ?"

గుర్రం వారి పిల్లల పక్కన కూర్చుని చదువుకున్న మనిషి. నాకు నిజం తెలుసని తెలిసిన మనిషి.

"అలాగే అయిందండి" అన్నాను.

"లలితాంబ గారు అన్నారా ఆ మాట?"

"ఆవిడే అన్నారండి. ఆ రోజు మీకు చెప్పడం మర్చిపోయాను."

ఆయన తలూపారు. గోడ మీంచి చెయ్యి తియ్యలేదు. వాన కొంచెం పెద్దదైంది.

"నేనిట్టా అడిగానని మనోహర్‌కి చెప్పకండి" అన్నారు.

ఇప్పటికీ చెప్పలేదు.